అరికాళ్ళ లెక్క

ఏలూరు జిల్లాలో కైకలూరు పక్కనున్న ఆటపాకకు వెళ్తే, ఎండెక్కాక గూడబాతులు రెక్క ఆడించకుండానే వేడిగాలిలో సుడులు తిరుగుతూ పైకి లేస్తాయి. ఎత్తు దొరికాక రెక్కలు కాస్త ముడిచి కొల్లేటి మీదుగా వేగంగా జారిపోతాయి. దూరాలు ఎగిరే పారాగ్లైడర్ పైలట్ ఆ రెక్క ముడిచే పనిని పాదాలతో చేస్తాడు.

కాళ్ళ దగ్గర వేలాడే చిన్న కడ్డీ స్పీడ్ బార్. దాన్ని తోస్తే కప్పీల మీదుగా తాళ్ళు బిగిసి రెక్క ముందంచు కిందికి వంగుతుంది. వేగం పెరుగుతుంది, ఎత్తూ త్వరగా కరుగుతుంది. కాబట్టి నేర్పంతా ఎప్పుడు తొయ్యాలన్నదే. ఎదురుగాలిలోనూ, కిందికి దిగే గాలిలోనూ తోసి త్వరగా దాటాలి. పైకి లేపే గాలి తగలగానే వదలాలి. బార్ మీద ఉన్నంతసేపూ బ్రేకులు లాగకూడదు, వెనక రైజర్లతోనే, అంటే రెక్క తాళ్ళు వచ్చి కలిసే వెనక పట్టీలతోనే, సర్దుకోవాలి. రెక్క వదులవుతున్నట్టు అనిపిస్తే క్షణం ఆగకుండా కాళ్ళు వెనక్కి తీసుకోవాలి.

ముందు దొరకబోయే గాలి ఎంత బలంగా లేపితే ఇప్పుడు అంత వేగంగా పోవచ్చన్న లెక్కను గ్లైడర్లకు అలవాటు చేసినవాడు 1956 గ్లైడింగ్ ప్రపంచ విజేత పాల్ మెక్‌క్రెడీ. హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్ బిల్లింగ్ కొండల మీద ఆ లెక్కను అరికాళ్ళతో కట్టే పైలట్ల ఒడుపుకు చేతులెత్తి మొక్కాలి.