నల్లపొడి సీసా మీద గీతలు

ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ చేసిన రోజు ల్యాబంతా అరటిపండు వాసన. పిల్లలకు ఆ వాసనే గుర్తుండిపోతుంది. నాకు గుర్తుండేది సెపరేటింగ్ ఫన్నెల్‌లో బుసబుసా పొంగే నురగ. ఉత్ప్రేరకంగా వేసిన సల్ఫ్యూరిక్ యాసిడ్ చర్యలో ఖర్చు కాదు, పనయ్యాక అలాగే మిగులుతుంది. దాన్ని వంటసోడాతో తటస్థం చేయాలి. 98 గ్రాముల యాసిడ్‌కు 168 గ్రాముల సోడా పడుతుంది, 142 గ్రాముల సోడియం సల్ఫేట్ తయారవుతుంది. ఎవరికీ అక్కర్లేని ఆ ఉప్పునీళ్లు సింకులో పోసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది.

ఈ బెడద తప్పించే దారి ఒకటుంది. 2005లో జపాన్‌లో మిచికాజు హారా బృందం చక్కెరను సగం మాడ్చి, ఆ బొగ్గును గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో వేడి చేసి ఆమ్లగుణాన్ని బొగ్గుకే అతికించింది. చర్య ముగిశాక వడగడితే సరి. మన హైదరాబాద్ తార్నాకలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ) వాళ్లు 2009లో గ్లిజరాల్‌తో అలాంటి బొగ్గే చేశారు. బయోడీజిల్ తయారీలో మిగిలేది గ్లిజరాలే. ఆ బొగ్గును బయోడీజిల్ తయారీకే వాడారు. ఆ సంగతి తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

మేం అలాంటి బొగ్గుపొడిని వేరుశనగ తొక్కతో చేస్తాం. కష్టమంతా మాడ్చడంలోనే. మరీ కాలిస్తే కర్బన పొరలు బిగుసుకుపోయి ఆమ్లగుణాన్నిచ్చే సల్ఫోనిక్ సమూహాలు సరిగ్గా పట్టవు. తక్కువ కాలిస్తే కడిగేటప్పుడే గోధుమరంగు దిగిపోతుంది. వేడి డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, కారిన నీళ్లలో బేరియం క్లోరైడ్ చుక్క వేసి చూడాలి. తెల్లగా మబ్బు కమ్మితే పొడిలో అంటుకోని యాసిడ్ ఇంకా ఉన్నట్టే, మళ్లీ కడగాలి. ఓపిక నశించేది ఇక్కడే. కడగకుండా వాడితే పనిచేసేది పొడి కాదు, అందులో దాగిన పాత యాసిడే.

అంతటితో నమ్మను. చర్య సగంలో ఉండగా వేడి మీదే పొడిని వడగట్టి తీసేయిస్తాను. పొడి లేకపోయినా ఎస్టర్ అదే జోరుతో పెరుగుతుంటే యాసిడ్ ద్రవంలోకి కారిపోతోందన్నమాట. మొక్క నుంచి వచ్చింది కదా అని ఈ పొడిని పర్యావరణహితం అనేయడం నాకు మింగుడు పడదు. దీని తయారీకి పట్టే గాఢ యాసిడ్ కాస్తంత కాదు. ఒక్కసారి వాడి పారేస్తే నాలుగు చుక్కల యాసిడ్ వేసే పాత పద్ధతే మేలు.

అందుకే వాడిన ప్రతిసారీ కడిగి, ఆరబెట్టి, సీసా మీద ఒక గీత గీయిస్తాను. ఇప్పుడున్న సీసా మీద నాలుగు గీతలున్నాయి. నిన్న నాలుగోసారి వాడాక పొడిని కడిగిన నీళ్లలో బేరియం క్లోరైడ్ వేశాం. మబ్బు కమ్మలేదు.