ఏడిళ్ల పిల్లి

ఆదివారం మనవడితో విశాఖ జూకి వెళ్లాను. పులి ఎన్‌క్లోజర్ దగ్గర ఒకాయన ఒకటే ఈలలు. పులి గడప దాటలేదు. "టికెట్టు కొన్నాం కదా, కనబడదేం?" అని విసుక్కున్నాడాయన. నాకు కోపం వచ్చింది, కోపంతో పాటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

చిన్నప్పుడు మా పిల్లి అటక మీద పిల్లల్ని పెట్టింది. నిచ్చెనేసుకుని రోజుకు పదిసార్లు తొంగిచూసేవాళ్లం. నాలుగో నాటికి అటక ఖాళీ. గాదె వెనక దొరికాయి. అక్కడికీ పోయాం. తర్వాత కట్టెల చాటున, ఆ తర్వాత పక్కింటి గడ్డివాములో. చివరికి నాలుగు పిల్లల్లో రెండే మిగిలాయి. "పిల్లి ఏడిళ్లు తిప్పేది సరదాకటర్రా? మీ కళ్లు పడలేక" అంది అమ్మమ్మ.

జూలో పులికీ చీతాకీ కావలసింది ఆ ఏడిళ్లే. చీకటి గూడు ఒక్కటి చాలదు, మార్చుకోవడానికి రెండోది ఉండాలి. లేకపోతే బెదిరిన తల్లి కూనని నోట కరుచుకుని అదే గదిలో గిరగిరా తిరుగుతుంది. ఒక్కోసారి కూన ఆ పంటిపట్టుకే పోతుంది. పని తెలిసిన కీపర్ తలుపు తీయడు, కెమెరాలో చూస్తాడు.

చూపులంటే గుర్తొచ్చింది, పెళ్లిచూపులన్నా నాకు ఎప్పుడూ చిరాకే, జంటని వాళ్ల మానాన వదిలేయాలంటాను. దానికి నా సాక్షి జహంగీర్. తండ్రి అక్బర్ వేయి చీతాలు పోగేసినా ఒక్క జంటా కలవలేదట. జహంగీర్ కాలంలో ఒక మగ చీతా మెడపట్టీ తప్పించుకుని ఆడదాని దగ్గరకు పోతే మూడు కూనలు పుట్టాయి. మళ్లీ జూలో చీతా ఈనినట్టు నమోదైంది 1956లో, ఫిలడెల్ఫియాలో. "చూశారా, వదిలేస్తే చాలు!" అని ఎన్నిసార్లు రాశానో.

కానీ జహంగీర్ సాక్ష్యంలోనే ఇంకో మాట ఉంది, నేను దాటేస్తూ వచ్చింది. అక్బర్ పట్టీలు విప్పి తోటల్లో వదిలిందీ జరిగింది, అవి కలవలేదు. ఇప్పటి కీపర్లు ఆడ చీతాని మగవాటికి దూరంగా ఉంచి, ఎదకొచ్చినప్పుడే కలుపుతారు. రోజూ ఎదురెదురుగా ఉంటే మొహం మొత్తుతుంది మరి. మబ్బు చిరుత (క్లౌడెడ్ లెపర్డ్)ది పూర్తిగా తిరగేసిన కథ. పెద్దయ్యాక జత కలిపితే మగది ఆడదాన్ని చంపేయవచ్చు. అందుకే థాయిలాండ్‌లోని ఖావో ఖియో జూలో కూనల్ని తల్లి నుంచి తీసి చేత్తో పెంచి, పసితనంలోనే జత చేస్తారు. అంటే బాల్యవివాహం!

కాబట్టి పెళ్లిచూపుల మీద తిట్లు ఈ వారానికి వాయిదా. ఈలలాయన మీద మాత్రం కాదు.