తేదీ నిర్ణయమున అంతర్జాల సాధనములు: ఉయ్యాలవాడ చరిత్రము నాధారముగా గొన్న పరిశీలనము

స్థానిక చరిత్రమును, వీరగాథలను పరిశోధించువారికి మొదట నెదురగు చిక్కు కాలనిర్ణయము. శాసనములందును, కైఫీయతులందును, పాత ముద్రిత గ్రంథముల ముఖపత్రములందును కాలము శాలివాహనశక సంఖ్యచేతనో, ప్రభవాది సంవత్సర నామముచేతనో తెలుపబడును. కుంపిణీవారి దస్త్రములు క్రీస్తుశకము ననుసరించినవి. ఈ రెంటిని సమన్వయించుటకు పూర్వము పరిశోధకులు సీవెల్, దీక్షితుల గ్రంథమును (1896), స్వామికన్ను పిళ్ల పట్టికలను ఆశ్రయించెడివారు. నేడు అంతర్జాల సాధనములు క్షణములో ఫలితమును చూపుచున్నవి. ఆ ఫలితము ఎంతవఱకు ప్రమాణమో విచారింపవలసియున్నది.

నేటి నంద్యాల జిల్లాలోని ఉయ్యాలవాడకు చెందిన నరసింహారెడ్డి తిరుగుబాటు ఇందులకు తగిన నిదర్శనము. కోవెలకుంట్ల ఖజానాపై దాడి 1846 జూలైలో జరిగినది. అక్టోబరులో నరసింహారెడ్డి పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసిరి. క్రీస్తుశకమున నివి రెండు సంవత్సరముల సంఘటనలు. తెలుగు లెక్కలో నన్నియు నొక్క పరాభవ సంవత్సరమునందే జరిగినవి. 1846 మార్చిలో ఉగాదితో నారంభమైన పరాభవ, అనగా శాలివాహనశకము 1768, మరుసటి మార్చి నడుమవఱకు నడచినది.

శకసంఖ్యకు 78 కలిపిన క్రీస్తుశకము వచ్చునన్నది వాడుకలోనున్న సూత్రము. జనవరి మొదలు ఉగాదివఱకు గల దినములకు మాత్రము 79 కలుపవలెను. ఈ భేదమును పాటింపని సాధనమున 1847ను వ్రాసినచో 1769, ప్లవంగ అని వచ్చును. 1768ను వ్రాసినచో 1846 అని వచ్చును. రేనాటి పాటలలో నెందైనను పరాభవ ఫాల్గుణమున ఉరి జరిగినట్లుండెనేని, ఇట్టి సాధనమును నమ్మిన విద్యార్థి ఆ పాటను ప్రామాదికమని త్రోసివేయును. నిజమునకు అది దస్త్రముతో నేకీభవించుచున్నది. యంత్రము చేసిన తప్పు జానపదుని తలకు చుట్టుకొనును.

రెండవ చిక్కు ఇంతకంటె సూక్ష్మమైనది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన సంఘము సూచించిన జాతీయ పంచాంగము 1957 మార్చి 22 నుండి అమలునకు వచ్చినది. అది సౌరమానము, మాసనామములు మాత్రము చైత్రాదులే. ఆ లెక్కను వెనుకకు నడపి పై తేదీని మార్చినచో 'ఫాల్గుణము 3, శకము 1768' అని వచ్చును. సంవత్సరము సరియే, మాసమును సరియే. కాని దీనిని ఫాల్గుణ శుద్ధ తదియ యని చదువుట తప్పు. చాంద్రమానమున ఆనాటికి శుక్లపక్షము సగమునకు వచ్చినది.

ఇక సంవత్సరనామము అరువదేండ్ల కొకమారు తిరిగి వచ్చును. 1876లో నారంభమైన మహాక్షామమును ప్రజలు ధాత కరువనిరి. మరల ధాత 1936లో వచ్చినది. ముఖపత్రమున 'ధాత' యని మాత్రమే యున్న పుస్తకమునకు గ్రంథాలయ పట్టికలో నేయేడు వేయవలెను? ముద్రాక్షరశాల, అక్షరరూపము, పీఠికలోని వ్యక్తులు దీనిని నిర్ణయింపవలెను. ఉత్తరదేశపు సంవత్సరచక్రము మనదానితో సరిపోదు. ఆ లెక్కను వాడు సాధనము వేఱొక పేరునే చెప్పును. క్రీస్తుశక సంఖ్య యొక్కటే యున్నను ఇబ్బంది తప్పదు. ఉయ్యాలవాడవారే యగు బుడ్డా వెంగళరెడ్డి అన్నదానమునకు ప్రసిద్ధి తెచ్చిన 1866 కరువును సంవత్సరనామముతో చెప్పవలెనన్నచో, ఉగాదికి ముందు క్రోధన, పిదప అక్షయ యగును.

కావున ఈ సాధనములు నిష్ప్రయోజనములని తలపరాదు. మిచియో యానో మొదలగు జపాను పండితుల పంచాంగ గణనము సూర్యసిద్ధాంతము ననుసరించినదని స్పష్టముగా ప్రకటించుకొన్నది; అట్టిదానిని పరీక్షించుటకు వీలుండును. ఏ సిద్ధాంతము, ఏ శకము, ఏ మాసగణనము అనుసరించినదో తెలుపని సాధనము ఎంత శీఘ్రమైనను సాక్ష్యముగా నిలువదు.

సిద్ధాంతవ్యాసములందు మూలములోని కాలనిర్దేశమును మార్పు లేకుండ ముందు వ్రాసి, మార్చిన తేదీని, వాడిన సాధనమును పిదప పేర్కొనుట మేలు. వారము మూలమున నున్నచో తప్పక సరిచూడవలెను. 1847 ఫిబ్రవరి 22 సోమవారము. మూలమున మఱియొక వారమున్నచో, లెక్క తప్పినదో వ్రాత తప్పినదో తేలువఱకు ఆ తేదీని సిద్ధాంతీకరింపరాదు.