స్నార్కెల్ కాపాడనివి

ఆస్ట్రేలియా ఈశాన్య కొసన, కేప్ యార్క్ ద్వీపకల్పంలో, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వేసిన టెలిగ్రాఫ్ తీగల వెంబడి పుట్టిన మట్టిబాట ఒకటి ఉంది. పామ్ క్రీక్, గన్‌షాట్, నోలన్స్ బ్రూక్ లాంటి వాగులు ఆ బాటకు అడ్డంగా పారుతుంటాయి. వానలు తగ్గాక, మే నుంచి అక్టోబరు దాకా, ల్యాండ్ క్రూజర్లు, హైలక్స్‌లు వీటిలో దిగి దాటుతాయి. జార్డిన్ నదికి ముందు వచ్చే నోలన్స్ బ్రూక్‌లో మునిగి పాడైన బండ్లకు లెక్కలేదు. చూసేవాళ్ల కళ్లు ముందుగా పడేది విండ్‌షీల్డ్ పక్కన నిలబడ్డ నల్లటి స్నార్కెల్ గొట్టం మీద. అది ఉంటే బండి లోతు నీళ్లకు సిద్ధమైనట్టేనని చాలామంది అనుకుంటారు. ఆ బాట మీద తరాలుగా పోగైన అనుభవం మాత్రం వేరే మాట చెబుతుంది. నీళ్లు దాటే విద్యలో ఎక్కువ భాగం వాగులో లేదు, షెడ్డులోనే ఉంది. అందులోనూ పెద్ద వాటా దాటి వచ్చిన తర్వాతి పనిదే.

స్నార్కెల్ చేసే పని ఒక్కటే. ఇంజిన్ గాలి పీల్చే చోటును పైకప్పు ఎత్తుకు మార్చడం. ఆ పని చిన్నదేమీ కాదు. గాలిని అదిమితే అణుగుతుంది, నీళ్లు అణగవు. సిలిండరు 700 సీసీ, కంప్రెషన్ నిష్పత్తి 17:1 అనుకుంటే, పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే జాగా 44 సీసీ. అంటే మూడు టేబుల్ స్పూన్లు. అంతకు మించి నీళ్లు చేరితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజిన్ విప్పాల్సిందే. కానీ గొట్టం పైన ఎంత ఎత్తున్నా, కింద ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు దుమ్ము రాలడానికి పెట్టిన రబ్బరు వాల్వు వదులుగా ఉంటే నీళ్లు అక్కడినుంచే ఎక్కుతాయి. అందుకే పాత చేతులు ఒక పరీక్ష చేస్తాయి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా స్నార్కెల్ మూతిని అరచేత్తో గట్టిగా మూస్తారు. ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతే జాయింట్లన్నీ బిగుతుగా ఉన్నట్టు. ఏమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంటే ఎక్కడో సందు ఉంది. ఆ సందు దొరికేదాకా ఆ గొట్టం అలంకారమే.

ఇక బండి కిందికి వంగి చూడాలి. డిఫరెన్షియల్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ అన్నిటికీ ఊపిరి తీసుకునే బ్రీదర్లుంటాయి. ఎండలో గంటల తరబడి నడిచాక డిఫరెన్షియల్ 80 డిగ్రీలకు చేరిందనుకుందాం. అది 25 డిగ్రీల వాగులో మునిగిందంటే లోపలి గాలి దాదాపు ఆరో వంతు కుంచించుకుంటుంది. ఆ ఖాళీ నింపడానికి బ్రీదర్ నుంచో, అరిగిన ఆయిల్ సీలు అంచు నుంచో నీళ్లను లోపలికి లాగుతుంది. నీళ్లు తోసుకు రావడం కాదు, బండే పీలుస్తుంది. దీనికి విరుగుడు చవక: బ్రీదర్లకు సన్నటి గొట్టాలు తొడిగి ఇంజిన్ గది పైభాగానికి చేర్చడం, నీళ్లలో దిగేముందు ఒడ్డున కాసేపు ఆగి వేడి తగ్గనివ్వడం. దాటాక లెవెల్ ప్లగ్ విప్పితే వేలికంటిన ఆయిల్ రంగే అసలు సంగతి చెబుతుంది. తేనె రంగులో ఉంటే సరే. పాలు కలిపిన టీలా ఉందంటే ఆ ఆయిల్‌తో ఇంకో వంద కిలోమీటర్లు లాగించడం బేరింగులను చేతులారా చంపుకోవడమే.

సైన్యాలకు ఈ పాఠం ఇంకా ముందే తెలుసు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన వాహనాలను గ్రీజు, సున్నం, ఆస్బెస్టాస్ నార కలిపిన ముద్దతో మూసి పంపారు. ఒడ్డు చేరాక ఆ మూతలను విప్పడం కూడా అంతే ముఖ్యమైన పని. విప్పకపోతే నీళ్ల నుంచి బతికిన ఇంజిన్ వేడికి పోతుంది.

వాగులో దిగాక చేసేది తక్కువే, కానీ తప్పుకు చోటు లేదు. మెకానికల్ ఫ్యాన్ రెక్కలు నీళ్లలో తిరిగితే ముందుకు వంగి రేడియేటర్‌ను కోస్తాయి. అందుకే గ్రిల్‌కు అడ్డంగా టార్పాలిన్ కడతారు. మనిషి నడిచే వేగంలో ఆగకుండా కదిలితే ముందు ఒక అల లేస్తుంది, దాని వెనక ఇంజిన్ గదిలో నీటిమట్టం తగ్గుతుంది. మధ్యలో క్లచ్ తొక్కితే ప్లేట్ల మధ్య నీళ్లు చేరతాయి, కాబట్టి లో రేంజిలో ఏ గేరుతో దిగారో అదే గేరుతో గట్టెక్కాలి. తేలిపోవడం ఇంకో ప్రమాదం. ఐదు చదరపు మీటర్ల అడుగున్న బండి చుట్టూ, ఫ్లోర్ మట్టానికి పైన నీళ్లు పది సెంటీమీటర్లు పెరిగితే, లోపలికి నీళ్లు రానంతవరకు అర టన్ను బరువు తగ్గినట్టే. టైర్లకు పట్టు ఆ మేరకు పోతుంది. ముందుగా నడిచి లోతు చూసుకోమన్నది మంచి సూత్రమే. కాకపోతే కేప్ యార్క్ నదుల్లో మొసళ్లుంటాయి. నడవడానికి భయమేసే చోట బండీ దించకూడదన్నది అక్కడ ఆ సూత్రానికి అర్థం.

కంపెనీయే లోతు రాసిచ్చాక ఇంత తాపత్రయం ఎందుకని అడగొచ్చు. కొత్త డిఫెండర్‌కు 900 మిల్లీమీటర్లు, స్నార్కెల్‌తోనే వచ్చే ఫోర్స్ గూర్ఖాకు 700, థార్‌కు 650 అని రాసి ఉంటుంది. ఆ అంకెలు అబద్ధం కావు. అయితే అవి కొత్త సీళ్లతో, అదుపులో ఉన్న నీళ్లకు చెప్పినవి. ఐదేళ్లు తిరిగిన బండి సీలు ఎంత అరిగిందో ఆ కాగితానికి తెలియదు. డిఫెండర్ అద్దాల కింది సెన్సార్లు నీళ్ల లోతు చెబుతాయి. రెండడుగుల ముందున్న గుంతను చెప్పలేవు. ప్రవాహం బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందన్న లెక్క కంపెనీ అంకెల్లో అసలే లేదు. రెండడుగుల లోతున పారే నీళ్లకు చాలా ఎస్‌యూవీలు కొట్టుకుపోతాయని అమెరికా వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. మన వాగుల మీది లో లెవెల్ కాజ్‌వేల దగ్గర ప్రతి వానాకాలం జరిగేది అదే. అక్కడ స్నార్కెల్ ఉన్నా లేకపోయినా తేడా ఉండదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. కేప్ యార్క్ బాటకు పక్కనే బైపాస్ రోడ్లున్నాయి. అవి ఉండగా ఒడ్లు కోతపడేలా, ఆయిల్ మరకలు నీళ్లలో కలిసేలా వాగులో దిగడం సరదా కాదా? కొంతవరకు అవును. దీనికి పూర్తి జవాబు లేదు. ఉన్న రేవులోనే దిగాలి, కొత్త దారి తొలవకూడదు, ఆయిల్ కారే బండిని నీళ్లకు తీసుకురాకూడదు అన్న కట్టుబాట్లు నష్టాన్ని తగ్గిస్తాయి, తుడిచెయ్యవు. కానీ ఈ విద్యను, 2023 డిసెంబరులో ట్రాఫిక్ తప్పించుకోవడానికి లాహౌల్‌లో చంద్రా నదిలోకి థార్ దింపి చలాను తిన్న చోద్యాన్ని ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. విద్య తెలిసినవాడు వెనుదిరగడం కూడా నేర్చుకుని ఉంటాడు.

అడవి బాట పట్టనివాళ్లకూ ఇందులో పనికొచ్చేది ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఇళ్ల ముందున్న కార్లు నీళ్లలో నానాయి. అలాంటి బండికి తాళం తిప్పి స్టార్ట్ చేసి చూడటం మొదట చేసే పొరపాటు. సిలిండర్‌లో నీళ్లుంటే రాడ్ వంగేది అప్పుడే. సాధారణ బీమా పాలసీలు ఈ నష్టాన్ని మామూలుగా భరించవు, ఇంజిన్ రక్షణ కవర్ విడిగా తీసుకోవాలి. చేయాల్సింది బ్యాటరీ తీగ ఊడదీసి, ఎయిర్ ఫిల్టర్ తెరిచి తడి ఉందేమో చూసి, బండిని టో చేయించడం. తర్వాత పెట్రోల్ బండి అయితే స్పార్క్ ప్లగ్‌లు, డీజిల్ అయితే ఇంజెక్టర్లో గ్లో ప్లగ్‌లో విప్పి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి నీళ్లు కక్కించాలి. ఆయిళ్లన్నీ మార్చాలి, చక్రాల బేరింగులకు కొత్త గ్రీజు పెట్టాలి, కార్పెట్ ఎత్తి దాని కింది కనెక్టర్లను విప్పి ఆరబెట్టాలి. తడి మిగిలితే వాటికి పట్టే ఆకుపచ్చ చిలుము బయటపడటానికి ఒక్కోసారి నెలలు పడుతుంది.