రంది: భయాన్నీ దిగులునూ విడదీయని మాట

దళిత సాహిత్యాన్ని చదవడానికి మన విమర్శకు బాగా అలవాటైన కొలమానాలు రెండు. ఒకటి ఆగ్రహం, రెండోది ధిక్కారం. 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత వచ్చిన కవిత్వాన్ని అర్థం చేసుకోవడానికి ఆ కొలమానాలు కావలసి వచ్చాయి. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చేనాటికి అవి స్థిరపడ్డాయి కూడా. వాటిని కాదనడం మా ఉద్దేశం కాదు. దళితుణ్ణి జాలిపడదగ్గ జీవిగా నిలబెట్టిన సంస్కరణవాద సాహిత్యానికి ఆ ఆగ్రహమే సరైన జవాబు. అయితే పగలు పిడికిలి బిగించిన మనిషి రాత్రి నిద్ర పట్టక ఏం చేస్తున్నాడు? తెల్లారి లేవలేక మంచానికి ఎందుకు అతుక్కుపోతున్నాడు? ఈ ప్రశ్నలు విమర్శలోకి చాలా తక్కువగా వచ్చాయి. భయమూ దిగులూ పరాజయానికి గుర్తులనీ, వాటి గురించి మాట్లాడితే శత్రువుకి సందు ఇచ్చినట్టేననీ ఒక నమ్మకం ఉండిపోయింది. ఆ నమ్మకాన్ని ఇక్కడ పరీక్షకు పెడుతున్నాం.

ముందు మాటల సంగతి చూద్దాం. తెలంగాణ పల్లెల్లో 'రంది' అంటారు. "రంది పెట్టుకున్నది" అంటే రేపేమవుతదో అన్న గుబులా, అయిపోయినదాని మీద దిగులా? రెండూ. కోస్తాలో 'బెంగ' కూడా దాదాపు ఇదే పని చేస్తుంది. బెంగ పెట్టుకున్న మనిషి ఉలిక్కిపడుతూనే ఉంటాడు, చిక్కిపోతూనే ఉంటాడు. అది ముదిరితే 'మనాది' అంటారు. ఆందోళన వేరు, కుంగుబాటు వేరు అని రెండు గదులు కట్టింది పుస్తకాల తెలుగు. వాడల్లో మనుషులు ఒకే గదిలో బతుకుతున్నారు.

వైద్యశాస్త్రం కూడా ఈ గోడ దగ్గర తడబడుతూనే ఉంది. 1992లో అచ్చయిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐ.సి.డి.-10లో ఆందోళన, కుంగుబాటు కలిసి ఉండి, ఏదీ పైచేయి కాని స్థితికి ఎఫ్ 41.2 అని ఒక అంకె ఇచ్చారు, దాన్ని ఆందోళన జబ్బుల కింద పెట్టారు. 2022లో అమల్లోకి వచ్చిన ఐ.సి.డి.-11 అదే స్థితిని కుంగుబాటు జబ్బుల కిందకి మార్చింది. అమెరికా సైకియాట్రీ సంఘం 2013 నాటి తన గ్రంథంలో దీన్ని విడి జబ్బుగా తీసుకోలేదు, కుంగుబాటుకు 'ఆందోళనతో కూడిన' అనే విశేషణం చేర్చి ఊరుకుంది. అంటే రోగి ఒక్కడే, అతని చిరునామాయే మారుతూ ఉంది.

మా వాదం ఇది. కులం మనిషి మీద రెండు వైపుల నుంచి పనిచేస్తుంది. జరిగిన అవమానం వెనక నుంచి లాగుతుంది, జరగబోయే అవమానం ముందు నుంచి తరుముతుంది. వెనకది దిగులు, ముందుది భయం. ఈ రెంటినీ కలిపి చదవని విమర్శకు దళిత రచనలో సగమే కనపడుతుంది.

బరోడా సత్రంలో పది రోజులు

దీనికి మొదటి సాక్ష్యం అంబేద్కర్‌దే. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న ఆత్మకథాత్మక రచన ఆయన 1935 ప్రాంతంలో రాసుకున్నది, 1990లో పుస్తకంగా వచ్చింది. అందులో 1917 నాటి బరోడా ఘట్టం ఉంది. విదేశాల్లో చదివి, మహారాజా ఇచ్చిన స్కాలర్‌షిప్ ఒప్పందం ప్రకారం కొలువు చేయడానికి వచ్చిన మనిషికి ఊళ్లో ఇల్లు దొరకదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని దిగుతాడు.

ఆ ఘట్టాన్ని మనోళ్ళు సాధారణంగా 'అవమానం' అన్న శీర్షిక కింద చదివి ముందుకు పోతారు. కొంచెం ఆగి చూడాలి. మేడ మీద పెద్ద హాలు, నిండా పాత సామాను, కరెంటు దీపం లేదు, కాపలాదారు ఇచ్చిన చిన్న లాంతరు. మనుషులతో మాట్లాడాలని ప్రాణం కొట్టుకుంటుంది, మాట్లాడటానికి మనిషి లేడు. పుస్తకం తెరిచి తనను తాను మరవాలని చూస్తాడు. హాల్లో ఎగిరే గబ్బిలాల చప్పుడు ఒళ్ళు జలదరింపజేసి, తానెక్కడున్నాడో మళ్ళీ గుర్తు చేస్తుంది. చెరసాల లాంటిదైనా తలదాచుకునే చోటు కదా అని దుఃఖాన్నీ కోపాన్నీ అణచుకుంటాడు. సామాను తెచ్చిన మేనల్లుడు మామ స్థితి చూసి బిగ్గరగా ఏడుస్తాడు. అతణ్ణి వెంటనే వెనక్కి పంపేయాల్సి వస్తుంది.

మేనల్లుడి ఏడుపు దగ్గరే భయమూ దిగులూ ముడిపడ్డాయి. దుఃఖం మామది, ఏడ్చింది మేనల్లుడు. దొంగపేరు మీద ఉన్న మనిషికి గట్టిగా ఏడ్చే స్వేచ్ఛ ఎక్కడిది? నలుగురి చెవినా పడితే ఉన్న నీడా పోతుంది. భయం దుఃఖాన్ని బయటికి రానీయలేదు. బయటికి రాని దుఃఖం భయాన్ని పెంచింది. పదకొండో రోజు కర్రలతో పార్సీలు వచ్చి నిలదీసినప్పుడు, ఇన్నాళ్ళూ ఊహలో తరిమినది నిజమై ఎదుట నిలిచింది. ఇద్దరు స్నేహితుల ఇళ్ళలోనూ చోటు దొరకక, రాత్రి తొమ్మిది గంటల బండి కోసం ఐదు గంటలసేపు కామాఠీబాగ్ తోటలో కూర్చుంటాడు. అక్కడ ఆ కన్నీళ్ళకు అడ్డు లేదు. దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి. పద్దెనిమిదేళ్ళ తర్వాత రాస్తున్నప్పుడు కూడా ఆ జ్ఞాపకం కన్నీళ్ళు లేకుండా రాదని ఆయనే చెప్పుకున్నారు.

ఇదంతా రాసినవాడు ధిక్కారానికి ప్రతీక అయిన మనిషి. తన భయాన్నీ ఏడుపునూ కాగితం మీద పెట్టడానికి ఆయన వెనుకాడలేదు. మరి ఆయన పేరు చెప్పుకునే విమర్శ ఎందుకు వెనుకాడాలి?

గడువు లేని దుఃఖం

గబ్బిలం అనగానే జాషువా గుర్తొస్తాడు. 'గబ్బిలం' 1941లో వచ్చింది. అప్పటికి బరోడా ఘట్టం అచ్చులో లేదు, కాబట్టి ప్రభావం మాట లేదు. పక్కపక్కన పెడితే మాత్రం ఒక సంగతి తెలుస్తుంది. బరోడాలో గబ్బిలం భయపెట్టేది. జాషువా కావ్యంలో గబ్బిలం వినేది. గుడిలోకి పోలేని మనిషి గుడిలో వేలాడే పక్షిని పిలిచి, కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పమంటాడు. మనుషుల్లో వినేవాడు దొరకని చోట ఆ పక్షే దిక్కయింది.

కాళిదాసు 'మేఘసందేశం'తో ఈ కావ్యాన్ని పోల్చడం మామూలే. ఆ పోలికలో మాకు ముఖ్యమనిపించేది ఒకటే. యక్షుడి శిక్షకు ఏడాది గడువుంది. అతనిది విరహం, రోజులు లెక్కపెట్టుకునే దుఃఖం. జాషువా కథానాయకుడి శిక్షకు గడువు లేదు. గడువున్న దుఃఖం ఎంత లోతుదైనా దిగులుగానే ఉండిపోగలదు. గడువు లేని దుఃఖం తన పిల్లల దాకా చూస్తుంది, అందుకే దానిలో భయం కలుస్తుంది. దాన్ని ఉత్త కరుణరసం అనేసి మార్కులు వేయడం అలంకారశాస్త్రానికి సరిపోతుందేమో గానీ వాడకు సరిపోదు.

ఖాళీ, లెక్క

మూడో సాక్ష్యం మన కాలానిది. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి గెంటివేయబడిన ఐదుగురు దళిత పరిశోధకులు ఆరుబయట గుడారం వేసి దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఆ ఐదుగురిలో ఒకడు రోహిత్ వేముల. జనవరి 17న అతను చనిపోయాడు. అతని ఉత్తరాన్ని దేశమంతా చదివింది. చాలామంది నక్షత్రాల గురించి, సైన్సు గురించి అతను రాసిన మాటలనే ఎత్తి చూపారు. ఆ చావును గొప్ప చేయడానికి మేము ఇక్కడ అతని పేరు ఎత్తడం లేదు. బతికి ఉంటే ఇవ్వాళ తన పేరు మీద పుస్తకాలు ఉండాల్సిన మనిషి.

ఆ ఉత్తరంలో రెండు స్వరాలున్నాయి. ఒక స్వరం, తనకిప్పుడు బాధ కూడా లేదనీ ఉత్త ఖాళీ అనీ చెబుతుంది. రెండో స్వరం లెక్కలు చెబుతుంది. ఏడు నెలల ఫెలోషిప్పు, ఒక లక్షా డెబ్బై ఐదు వేలు రావాలి, అది ఇంటివాళ్ళకి చేరేలా చూడండి. ఒక స్నేహితుడికి నలభై వేల దాకా బాకీ, అది తీర్చండి. ఖాళీ అయిపోయానంటున్న మనిషిని బాకీ గుబులు వదల్లేదు. మొదటి స్వరాన్ని తత్వం అనీ, రెండోదాన్ని వ్యవహారం అనీ విడగొట్టి చదవడం తప్పు. రెండూ కలిసి ఉన్నదే రంది. ఆగిపోయిన ఫెలోషిప్పు అందులో ఒక భాగం, అది ఎవరి మెదడులోనో పుట్టిన రసాయనం కాదు.

పరిశోధక విద్యార్థుల మధ్య మేము చూస్తున్న తీరు కూడా ఇట్లాగే ఉంటుంది. రేపటి సెమినార్‌లో ఇంగ్లీషు తడబడితే నవ్వుతారేమోనని రాత్రంతా నిద్ర ఉండదు. నిద్ర లేక పొద్దున లేవలేరు. లేవకపోతే క్లాసుకు పోరు. పోకపోతే "రిజర్వేషన్ వాళ్ళు ఇంతే" అన్న మాట వినపడుతుంది. ఏ మాటకు భయపడి నిద్రపోలేదో ఆ మాటే నిజమైనట్టు కనపడుతుంది. భయం లేచి పరిగెత్తమంటుంది, దిగులు కాళ్ళు కట్టేస్తుంది. చదువులో వెనకబడటం అని పైనుంచి చూసేవాళ్ళు దీన్నే అంటున్నారు.

రెండు తీర్పులు, ఒకే మౌనం

ఈ స్థితి మీద రెండు తీర్పులు వినపడుతుంటాయి. పెద్దకులాల చదువరులది ఒకటి: నీకు ఆత్మవిశ్వాసం తక్కువ, డాక్టరుకు చూపించుకో. ఇందులో కులం మాయమైపోతుంది. ఉద్యమంలోని కొందరిది రెండోది: పోరాడే మనిషికి కుంగుబాటేంటి, అది తిన్నది అరగనోళ్ళ జబ్బు. ఇందులో మనిషి మాయమైపోతాడు. రెండు తీర్పులూ కలిసి అతని నోరు మూయిస్తాయి.

ఇక మూలం కులంలో ఉంది కాబట్టి మందుతో పనేముంది అనే వాదన ఒకటి ఉంది. కలుషితమైన నీళ్ళతో వచ్చిన జబ్బుకు బావి బాగు చేయమని కొట్లాడతాం, కొట్లాడుతూ రోగిని ఆసుపత్రికి కూడా తీసుకుపోతాం. ఇదీ అంతే. మాటలతో చేసే చికిత్స ఉంది, మందులు ఉన్నాయి. మందు గుణం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో గాభరా కాస్త పెరగవచ్చు కూడా. ఈ సంగతి ముందే చెప్పకపోతే మనిషి భయపడి మధ్యలో మానేస్తాడు. అసలు అక్కడిదాకా చేరేవాళ్ళెంతమంది? 2015-16లో నిమ్‌హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, సాధారణ మానసిక సమస్యలున్నవాళ్ళలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందలేదు. పన్నెండు రాష్ట్రాల్లో జరిగిన ఆ సర్వేలో మన రెండు రాష్ట్రాలూ లేవు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కుల వివక్ష లేని చికిత్సను హక్కు అన్నది. ఊళ్ళో మాత్రం గుండె దడ, తలనొప్పి, ఒళ్ళు బరువు అని పోయినామెకు ఆర్.ఎం.పి. గ్లూకోజు ఎక్కించి పంపుతున్నాడు.

ఆమె విషయం విడిగా చెప్పాలి. దళిత స్త్రీకి పడకేసే వీలు కూడా లేదు. ఆ పూట కూలికి పోకపోతే ఆ పూట లేదు. కాబట్టి ఆమె దిగులు మంచం మీద కనపడదు. చీటికీ మాటికీ పిల్లల మీద అరుపుగా, తిండి సయించకపోవడంగా, రాత్రిపూట తలుపు గడియ పదేపదే చూసుకోవడంగా కనపడుతుంది. లోకం ఆమెను గయ్యాళి అంటుంది. విమర్శేమో గట్టి మనిషి అని మెచ్చుకుంటుంది. మెచ్చుకోలు కూడా ఒక బరువే, గట్టి మనిషికి ఏడ్చే చోటు ఉండదు. 2003లో గోగు శ్యామల కూర్చిన 'నల్లపొద్దు' ఎనభై ఏళ్ళ దళిత స్త్రీల రచనలను ఒక్కచోట చేర్చింది. వాటిని ధైర్యం కోసమే కాక రంది కోసం కూడా మళ్ళీ చదవాల్సిన అవసరం ఉంది.

విమర్శ చేయాల్సిన పని

రందిని ఒక విమర్శ పదంగా తీసుకోవాలని మేము ప్రతిపాదిస్తున్నాం. ఒక దళిత రచన ముందు కూర్చున్నప్పుడు అది ఎవరిని ధిక్కరించింది అని అడిగినట్టే, అది దేనికి జడుస్తున్నది, ఎవరికి చెప్పుకోలేకపోతున్నది, ఆ జడుపును ఏ వాక్యం కింద దాచింది అని కూడా అడగాలి. అలా అడిగితే ఆగ్రహం విలువ తగ్గదు. భయమూ దిగులూ రెండూ మోస్తూ లేచి నిలబడిన ఆగ్రహానికి ఎంత ఖర్చయిందో తెలుస్తుంది.

పని కాగితం మీదే ఆగిపోకూడదు. మన సభల్లో, హాస్టళ్ళలో, పాఠక బృందాల్లో "నాకు నిద్ర పట్టడం లేదు" అన్న మాటను రాజకీయమైన మాటగా వినాలి. వినడంతో సరిపోనప్పుడు వైద్యుడి దగ్గరికి తోడు పోవాలి. 2022 నుంచి 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడే వీలుంది, ఆ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీదా ఉండాలి. దానితోపాటు ఫెలోషిప్పు నెలనెలా రావాలనీ, నవ్విన పంతులును నిలదీయాలనీ అడగాలి. వీటిలో ఒకటి ముందు, ఒకటి వెనక అనే వాదన మనకొద్దు.