ఎవరింట్లో దిగితివి?

మా తనకల్లు వైపు ఊరెళ్ళొచ్చిన మగవాణ్ణి “యాడ దిగితివి?” అని అడుగుతారు. ఆడమనిషినయితే “ఎవురింట్లో దిగితివి?” అంటారు. నేనూ ఎంతోమందిని అలాగే అడిగాను. ఈ మాటలోని తేడా నా చెవికి తగలడానికి ఇన్నేళ్ళు పట్టింది. మగవాడు ఊళ్ళో దిగుతాడు. ఆడది ఎవరో ఒకరి ఇంట్లో దిగాలి. ఊరుకీ ఆమెకీ మధ్య ఒక ఇల్లూ, ఆ ఇంటికి ఒక యజమానీ ఉండి తీరాలి.

ఈమధ్య మా అక్క కూతురు బెంగుళూరులో ఉద్యోగాల ఇంటర్వ్యూలకి వారం రోజులు ఒక్కతే వెళ్ళాల్సొచ్చింది. “చిన్నమ్మా, ఏ ఏరియాలో ఉంటే మంచిది?” అని నన్నడిగింది. తనకల్లు నుంచి మదనపల్లెకి, అక్కణ్ణుంచి చింతామణి, హొసకోట మీదుగా బస్సులో పోతే కె.ఆర్.పురం వస్తుంది. మదనపల్లె దాకా ఆమెకి టికెట్టు ఖర్చు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. కండక్టరు ఆధార్ చూసి సున్నా రూపాయల టికెట్టు కొట్టి ఇస్తాడు. “తోడెవరు?” అని అడగడు. ఒక ప్రభుత్వ పథకం మా పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నని దాటేసి పోవడం నాకు ముచ్చటేసింది. కానీ బస్సు పగటి సంగతి. రాత్రి ఎక్కడ అన్నదానికి ఏ టికెట్టూ జవాబు చెప్పదు.

నేను క్షణం ఆలోచించకుండా “మారతహళ్ళిలో ఉండు, అక్కడంతా మనోళ్ళే” అన్నాను. తెలుగు పిల్లలు, తెలుగు మెస్సులు, పీజీలు అక్కడ ఎక్కువ. ఆమె కాసేపు మాట్లాడలేదు. “మనోళ్ళు లేని చోటు చెప్పు చిన్నమ్మా” అంది.

నాకు కోపమొచ్చిన మాట నిజం. తర్వాత సిగ్గేసింది. ఆమె అడిగింది దీపాలున్న వీధి, ఆలస్యమైనా గేటు తీసే చోటు, పొద్దుపోయాక కూడా దొరికే ఆటో. నేను చూపించింది కాపలా. మనోళ్ళున్న చోట ఆమె ఎన్నింటికి గది చేరిందో, ఎవరితో టీ తాగిందో ఆమెకంటే ముందు ఆ కబురు తనకల్లు చేరుతుంది. దాన్నే మనం భద్రత అంటున్నాం.

‘మంచి ఏరియా’ అన్న మాటనే పట్టుకుని చూడండి. మంచితనం వీధిదా, ఆ వీధిలో ఉన్నందువల్ల ఆ పిల్లకి దక్కే సర్టిఫికెట్టా? ఆదివారం అనుబంధాల్లో ‘ఒంటరిగా ప్రయాణించే మహిళలకు సూచనలు’ చదివినప్పుడల్లా నాకీ అనుమానం వస్తుంది. చీకటి పడకముందే గది చేరండి, బట్టల విషయంలో జాగ్రత్త, ఒంటరిగా వచ్చామని చెప్పకండి అంటాయవి. వీధి గురించి ఒక్క ముక్క ఉండదు. ఉన్నదంతా ఆమె నడవడి గురించే.

దీనికి పక్కన మన తెలుగులో తొలి యాత్రాగ్రంథాల్లో పేరున్న ‘కాశీయాత్ర చరిత్ర’ని పెట్టి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరాడు. పుస్తకం 1838లో అచ్చయింది. ప్రతి మజిలీకీ ఆయన రాసుకున్నది నీళ్ళున్నాయా, నీడ ఉందా, సత్రముందా, అంగళ్ళలో సామాను దొరుకుతుందా అన్న సంగతి. ప్రయాణికుడికి కావలసింది అదే కదా! పల్లకీలూ పెద్ద పరివారమూ వెంట ఉన్న మనిషి, నిజమే. అయినా ఆయన చోటుని పరీక్షించాడు, తన శీలాన్ని కాదు. మా పిల్లకి కావలసిన పుస్తకం ఆ మాదిరిది. దాన్ని ఆడవాళ్ళ కోసం ఎవరూ రాయలేదన్నదే నా ఫిర్యాదు.

ముంబై మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి 2011లో తెచ్చిన ‘వై లాయిటర్?’ ఈ చర్చని చాలా ముందుకి తీసుకెళ్ళింది. బయటికొచ్చిన స్త్రీ తనకేదో పని ఉన్నట్టు కనిపించాల్సిందే, ఊరికే నిలబడే హక్కు ఆమెకి లేదన్నారు వాళ్ళు. స్త్రీల రక్షణ పేరు చెప్పి పేదవాళ్ళనీ ముస్లిం మగవాళ్ళనీ వీధుల్లోంచి తరిమే ‘మంచి ఏరియా’ రాజకీయాన్నీ ఎత్తి చూపారు. మనకి కావలసింది కాపలా కాదు, ప్రమాదాన్ని సైతం ఎంచుకునే హక్కు అన్నది వాళ్ళ వాదన. నాకు నచ్చిన వాదనే. కాకపోతే లోకల్ రైలున్న నగరంలో పుట్టిన ఆలోచన అది. మా కొక్కంటి క్రాసులో టీ అంగడి బెంచీల మీద ఆడమనిషి కూర్చోగా నేనింతవరకు చూడలేదు. నేను కూర్చున్నానా? లేదు. బస్సు వచ్చేదాకా సంచి పట్టుకుని నిలబడే ఉన్నాను.

మన భాష కూడా ఆ బెంచీ లాంటిదే. మగవాడు బజారుకి పోయొస్తాడు. ఆడది ‘బజారుది’ అవుతుంది. వీధిలోకి రావడం వేరు, ‘వీధిన పడటం’ వేరు అని ఎవరైనా అంటారేమో, ఆడవాళ్ళ విషయంలో ఆ రెంటికీ మధ్య దూరం ఎంత? మా పక్కన గూటిబైలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. ప్రపంచంలోనే పెద్ద మర్రి అని 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. భర్త చితిలో దూకిన తిమ్మమ్మ అక్కడ చెట్టయి నిలిచిందని స్థలపురాణం. పిల్లలు లేని దంపతులు మొక్కుకోవడానికి వస్తారు. మా ప్రాంతంలో తన పేరు మీద చిరునామా సంపాదించిన ఆడమనిషి ఎవరంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆమే.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ వ్యాసం పీజీల దగ్గరే ఆగిపోతుంది. వానలు లేక చెనక్కాయ పంట పోయిన ఏడు ఈ ఊళ్ళ నుంచి బెంగుళూరుకి కూలికెళ్ళే ఆడవాళ్ళున్నారు. కట్టే భవనం పక్కనే రేకుల షెడ్డులో ఉంటారు. వాళ్ళని ఎవరూ “ఏ ఏరియా మంచిది?” అని అడగరు. తలుపుకి గడియ లేని షెడ్డు గురించి సూచనలు రాసే పత్రికా లేదు. వాళ్ళకి మనోళ్ళు చుట్టూరా ఉంటారు, మేస్త్రీతో సహా. ఎంపిక అన్న మాట మా అక్క కూతురి దాకా రావడానికే ఒక డిగ్రీ, ఒక ఫోను, కాస్త డబ్బు కావలసొచ్చాయి.

చివరికి ఆమె కె.ఆర్.పురంలోనే, మెట్రో స్టేషనుకి నడిచిపోయేంత దూరంలో ఒక గది చూసుకుంది. బస్సు దిగేదీ అక్కడే. 2023 అక్టోబరు నుంచి అక్కడ మెట్రో రైలు నగరం నడిబొడ్డుకీ వైట్‌ఫీల్డుకీ ఆగకుండా నడుస్తోంది కాబట్టి ఇంటర్వ్యూలకి రెండు వైపులా వెళ్ళొచ్చని ఆమె లెక్క. వెళ్ళేముందు ఆమె ఫోనులో అడిగిన ప్రశ్నలు మూడే. గేటు తాళం ఎన్నింటికి? బాత్రూముకి లోపల గడియ ఉందా? రాత్రి తొమ్మిదికి ఆ వీధిలో ఆడవాళ్ళు కనిపిస్తారా? మొదట ఫోను చేసిన చోట “వెంట ఎవరూ లేరా?” అని అడిగి గది లేదన్నారట. రెండోచోట ఇచ్చారు.

రెండోరోజు రాత్రి ఫోను చేసింది. వీధి చివర బండి దగ్గర నిలబడి దోసె తింటున్నానంది. వెనకాల హారన్ల మోత. “ఒక్కదానివేనా?” అన్నాను, అలవాటు పోదు కదా. “లేదు, ఇక్కడ చానామంది ఒక్కొక్కరే తింటాండారు” అని నవ్వింది.

అదే వారం మా వీధిలో ఎవరో మా అక్కనడిగారు, పిల్ల ఎవరింట్లో దిగిందని. “మారతహళ్ళిలో మనోళ్ళింట్లోనే” అని చెప్పింది అక్క. పక్కనే కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్న నేను అవునన్నట్టు తలూపాను.