36 మిల్లీమీటర్ల పనితనం

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాపర్ టి ని మొదటిసారి చేతిలోకి తీసుకున్న ఆడవాళ్లలో చాలామంది అనే మాట "ఇంతేనా?" అని. నిజంగా ఇంతే. నిలువు 36 మిల్లీమీటర్లు, అడ్డం 32. తెల్లటి పాలిథిలిన్ కాడ, దాని తలమీద అటూ ఇటూ రెండు చేతులు, కాడకు చుట్టిన సన్నటి రాగితీగ, కింద వేలాడే రెండు దారప్పోగులు. అందులో మందు లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. ఒకసారి అమరిస్తే పదేళ్లు పనిచేస్తుంది. మొదటి ఏడాదిలో నూటికి ఒకరికన్నా తక్కువమందికే గర్భం వస్తుంది. అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు దాదాపు సాటి. ఆపరేషన్‌కు లేని గుణం మరొకటుంది: మనసు మారిన రోజున తీసేయించుకోవచ్చు. ఈ వస్తువులో నేను మెచ్చుకునేవన్నీ చివరికి ఆ గుణం దగ్గరికే చేరతాయి.

ముందు ఆకారం సంగతి. గర్భసంచి లోపలి జాగా చాలా చిన్నది, పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఉంటుంది. పైగా అది ఊరికే ఉండే సంచి కాదు, ముడుచుకుంటూ సడలుతూ ఉండే కండరం. 1960ల్లో వచ్చిన లిప్పీస్ లూప్ మెలికలు తిరిగిన ప్లాస్టిక్. పెద్ద సైజు వేస్తే గర్భం బాగానే ఆగేది కానీ నొప్పి, రక్తస్రావం ఎక్కువ. చిన్న సైజు వేస్తే బాధ తగ్గేది, భరోసా కూడా తగ్గేది. ఈ చిక్కుముడి దగ్గర అమెరికా డాక్టర్ హోవార్డ్ టాటమ్ వేరే వైపు నుంచి ఆలోచించాడు. సంచి పూర్తిగా ముడుచుకున్నప్పుడు లోపల ఎంత చోటు, ఏ ఆకారంలో మిగులుతుందో చూసి, వస్తువును ఆ చోటుకు తగ్గట్టు చేశాడు. అలా పుట్టింది టి. ఒంటికి అది బాగానే ఇమిడింది. కానీ ఉత్త ప్లాస్టిక్ టి వేయించుకున్న నూరుమందిలో ఏడాదికి సుమారు 18 మందికి గర్భం వచ్చింది. ఒంటికి సరిపడింది, పనికి సరిపోలేదు.

ఆ లోటు తీర్చింది చిలీ దేశపు డాక్టర్ హైమె జిపర్. కుందేలు గర్భసంచికి రెండు కొమ్ములుంటాయి. ఒక కొమ్ములో రాగితీగ పెట్టి, రెండోదాన్ని అలాగే వదిలేసి చూశాడు. రాగి ఉన్న వైపు పిండాలు నిలవలేదు. ఒకే ప్రాణిలో ప్రయోగమూ, దానికి పోలికా రెండూ దొరికాయి. ఇంత పొదుపైన ప్రయోగాలు వైద్యశాస్త్రంలో అరుదు. టాటమ్, జిపర్ కలిసి టి కాడకు రాగి చుట్టారు. 30 చదరపు మిల్లీమీటర్ల రాగితో గర్భాలు నూటికి 18 నుంచి 5కు దిగాయి. 200 చేస్తే ఒకటి దగ్గరికి వచ్చాయి. ఈ సంగతికి ఓ పాత ముడి కూడా ఉంది. 1920ల్లో జర్మనీ డాక్టర్ ఎర్నెస్ట్ గ్రాఫెన్‌బర్గ్ వెండితీగతో ఉంగరాలు చేసి ఇదే పనికి వాడాడు. తర్వాతి కాలంలో ఆ వెండిని పరీక్షిస్తే అందులో 26 శాతం రాగి ఉందని తేలింది. రాగి చేసిన పనికి నలభై ఏళ్లపాటు వెండికి పేరొచ్చింది.

ఇప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల్లో వేసే 380ఎ రకంలో రాగి మొత్తం 380 చదరపు మిల్లీమీటర్లు. అదంతా ఒకేచోట లేదు. కాడకు చుట్టిన తీగ బరువు 176 మిల్లీగ్రాములు, చేతులు రెండింటికీ చెరొక రాగి తొడుగు, ఒక్కోటీ 68 మిల్లీగ్రాముల పైచిలుకు. నాకు అపురూపంగా తోచేది ఈ తొడుగులే. రాగి లోపల కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటుంది. సన్నటి తీగ ఏళ్లు గడిచేకొద్దీ తినేసినట్టయి తెగే ప్రమాదముంది. మందపాటి తొడుగుకు ఆ భయం లేదు. పైగా చేతులుండేది సంచి పైభాగాన, అండవాహికల మూతుల దగ్గర. రాగి అవసరం ఎక్కువున్న చోటే ఎక్కువకాలం నిలిచే రాగిని పెట్టారన్నమాట. రోజుకు విడుదలయ్యే రాగి మనం తిండితో తీసుకునేదానికంటే చాలా తక్కువ. ఆ కొద్దిపాటే వీర్యకణాల కదలికను దెబ్బతీసి, అండాన్ని చేరకుండా చేస్తుంది. హార్మోన్లతో పని లేదు కాబట్టి అండం విడుదల, నెలసరి మామూలుగానే నడుస్తాయి. బిడ్డకు పాలిచ్చే తల్లి కూడా నిశ్చింతగా వేయించుకోవచ్చు.

ప్లాస్టిక్‌లో బేరియం సల్ఫేట్ కలుపుతారు. ఎక్స్‌రేలో తెల్లగా కనబడటానికే. "అది పైకి పాకి గుండెకు చేరుతుందట కదా సిస్టరమ్మా" అని అడిగే భయం మన ఊళ్లలో ఇంకా ఉంది. గర్భసంచికీ గుండెకూ మధ్య దారి లేదు. వేసేటప్పుడు సంచి గోడకు రంధ్రం పడటం వెయ్యింటికి ఒకటి స్థాయిలో అరుదుగా జరుగుతుంది. అలా జరిగి టి చోటు తప్పితే ఎక్కడుందో వెతికి పట్టుకోవడానికే ఆ బేరియం.

కాడ అడుగున 3 మిల్లీమీటర్ల చిన్న బుడిపె ఉంటుంది. ప్లాస్టిక్ కొన గర్భాశయ ముఖద్వారంలో గుచ్చుకోకుండా అది అడ్డుకుంటుంది. దారం కట్టేదీ అక్కడే. ఆ దారం ఒంటిపోగు కావడం వెనక ఒక చేదు చరిత్ర ఉంది. 1970ల మొదట్లో అమెరికాలో అమ్ముడుపోయిన డాల్కన్ షీల్డ్ అనే పరికరానికి వందల పోగులను ఒక తొడుగులో చుట్టిన దారం కట్టారు. పోగుల మధ్య సందుల్లోంచి సూక్ష్మజీవులు పైకి ఎగబాకాయి. ఎంతోమంది ఆడవాళ్లు తీవ్రమైన ఇన్ఫెక్షన్ల పాలయ్యారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాపర్ టి దారం గట్టి ఒంటిపోగు, లోపల సందు లేదు. దారం ఎంపికలో ఒక్క పొరపాటు అంతమందిని కాటేసిందంటే, ఇక్కడ సరైన దారం ఎంచినవారికి ఎంత గౌరవం ఇచ్చినా తక్కువే.

లోపల అమర్చే పద్ధతిలోనూ అంతే శ్రద్ధ. ముందు గర్భసంచి లోతు కొలుస్తారు, ఆ కొలతకు గొట్టం మీది నీలం గుర్తును జరుపుతారు. టి ని చేత్తో తాకకుండా, పొట్లంలో ఉండగానే చేతులు వంచి గొట్టంలోకి దూరుస్తారు. వంచాక అయిదు నిమిషాలు దాటకూడదు. దాటితే ప్లాస్టిక్ ఆ వంపుకే అలవాటు పడి, లోపల చేతులు సరిగా విప్పుకోవు. గొట్టాన్ని సంచి పైఅంచుదాకా పంపాక లోపలి కడ్డీని కదలకుండా పట్టుకుని, గొట్టాన్ని మాత్రం వెనక్కి లాగుతారు. టి ఉన్నచోటే ఉంటుంది, చుట్టూ ఉన్న గొట్టం తప్పుకుంటుంది, చేతులు వాటంతటవే విచ్చుకుంటాయి. ముందుకు నెట్టడం లేదు కాబట్టే గోడకు గుచ్చుకునే ముప్పు తగ్గింది. ఆఖర్న దారాన్ని మూడు నాలుగు సెంటీమీటర్లు ఉంచి కత్తిరిస్తారు.

ఇంత చక్కటి వస్తువు మన దగ్గర ఎందుకు ఇంత తక్కువగా వాడుకలో ఉంది? దేశం మొత్తమ్మీద వాడేవాళ్లు నూటికి ఇద్దరే. మన రెండు రాష్ట్రాల్లో అంతకన్నా తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవారే, దేశంలోకెల్లా ఎక్కువ. చాలామంది ఇరవై అయిదు నిండకముందే. రెండు కాన్పులు అవగానే ఆపరేషన్ అన్నది ఇంట్లో ఎవరూ ప్రశ్నించని ఆనవాయితీ అయింది. మగవాళ్ల వేసక్టమీ అంతకన్నా సులువు, అయినా దాని ఊసే ఎత్తరు. దీనికి తోడు 1965లో మన దేశంలో లిప్పీస్ లూప్‌ను హడావిడిగా లక్షలమందికి వేసి, తర్వాత వచ్చిన రక్తస్రావాన్ని చూసే నాథుడు లేక వదిలేశారు. అప్పటి భయం అమ్మమ్మల నోట కూతుళ్లకూ మనవరాళ్లకూ దిగింది. 380ఎ జాతీయ కార్యక్రమంలోకి వచ్చింది 2002లో. వస్తువు మారింది, భయం మారలేదు.

ఆ భయంలో కొంత నిజముంది, దాన్ని దాచి ఈ పరికరాన్ని మెచ్చుకోవడం నాకు నచ్చదు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి రక్తస్రావం, కడుపునొప్పి పెరగొచ్చు. మన ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. హిమోగ్లోబిన్ చూడకుండా, ఇన్ఫెక్షన్ ఉందేమో పరీక్షించకుండా, వేశాక మళ్లీ రమ్మని పిలవకుండా ఉంటే మంచి పనితనం కూడా పాడవుతుంది. కాన్పయిన 48 గంటల్లోపు వేసే పద్ధతి ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో ఉంది. కాన్పులన్నీ దాదాపు ఆసుపత్రుల్లోనే జరిగే మన రాష్ట్రాలకు అది అనువైనదే, కాకపోతే అప్పుడు వేసింది జారిపోయే అవకాశం కాస్త ఎక్కువ. దానికి ఒప్పుకోలు అడగాల్సింది గర్భిణిగా నెలనెలా పరీక్షకు వచ్చినప్పుడు. నొప్పులు పడుతున్న మనిషిని అడగడం అడిగినట్టు కాదు. తెలియకుండా వేస్తే దాని గొప్ప గుణమే పోతుంది, తన ఒంట్లో ఉందని తెలియనిదాన్ని తీయమని ఎవరు అడుగుతారు?

తీయడం తేలిక. దారాన్ని పట్టి మెల్లగా లాగితే చేతులు పైకి ముడుచుకుని టి బయటికొస్తుంది, నిమిషం పని. మరుసటి నెలే గర్భం రావచ్చు. పదేళ్లు నిండి ఇంకా కావాలనుకుంటే పాతది తీసిన వెంటనే కొత్తది వేయించుకోవచ్చు. వేయించుకునేవాళ్లు ఒకటి మాత్రం తప్పక అడిగి తెలుసుకోవాలి: వేసింది పదేళ్ల 380ఎ రకమా, అయిదేళ్ల 375 రకమా అని. ఆసుపత్రిలో ఇచ్చే కార్డు మీద రకం, వేసిన తేదీ, తీయాల్సిన తేదీ రాయించుకుని, ఆ కార్డును ఆధార్, రేషన్ కార్డులతో పాటు దాచుకోవాలి.